తూటా పేలకపోతే..!

మైలవరం కుర్రాడైనా, నందిగామ అమ్మాయైనా ఎన్‌సీసీ క్యాంపుకెళితే సాధారణంగా పేల్చేది .22 బోల్ట్ యాక్షన్ రైఫిలే. ట్రిగ్గర్ నొక్కితే ఒక్కోసారి ‘టక్‌’మంటుంది... తూటా పేలదు! వెంటనే బోల్ట్ తెరిచేరు సుమా! మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి, అధికారిని పిలవాలి.

.22లో పేలుడు మందు తూటా అడుగు అంచులో ఉంటుంది. బయటికి తీశాక ఆ అంచు చూస్తే రోగం తెలిసిపోతుంది. నొక్కు లోతుగా పడితే తప్పు చాలావరకూ తూటాదే. పైపైన పడితే దెబ్బ చాలలేదన్నమాట! బోల్ట్‌లో గడ్డకట్టిన గ్రీజు, సత్తువ తగ్గిన స్ప్రింగు, అరిగిన ఫైరింగ్ పిన్, సరిగ్గా మూయని బోల్ట్... కారణాలివే. శుభ్రం చేసినా తీరకపోతే ఆర్మరర్‌కి అప్పగించాల్సిందే. సొంత రిపేర్లు మాత్రం వద్దు.