గురక సంగతి రక్తం చెబుతుందా?

ఎవరైనా గురక పెడుతుంటే హాయిగా నిద్రపోతున్నారనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని, ఓ రాత్రి మావారి గురక ఉన్నట్టుండి ఆగిపోయేదాకా. ఊపిరి లేదు. నేను పదిహేను లెక్కపెట్టేసరికి ఉలిక్కిపడి, మళ్లీ గురక. బోనకల్ స్టేషన్లో ఆగి కదిలే గూడ్సుబండిలా ఉందని పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

'గ్యాంగ్‌లీడర్' సినిమాకి పాటలు కట్టిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన జబ్బు ఇదే - అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు దగ్గర గాలిదారి మూసుకుపోయి, శ్వాస పదేపదే ఆగుతుంది. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఇది ఉండొచ్చని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అంచనా వేశారు.

దీన్ని తేల్చాలంటే రాత్రంతా ఒంటికి తీగలు తగిలించుకుని పడుకోవాలి. శ్వాస ఆగడం, తగ్గడం కలిపి గంటకు 5 నుంచి 15 లోపైతే స్వల్పం, 30 అయినా దాటినా తీవ్రం. ఇంట్లోనే పెట్టుకునే చిన్న యంత్రాలూ వచ్చాయి. అయినా ఖర్చూ, తిరుగుడూ తప్పవు. కాస్త రక్తం తీసి చెప్పెయ్యకూడదూ అనిపిస్తుంది కదూ!

శాస్త్రవేత్తలూ ఆ దారి వెతుకుతున్నారు. ఆక్సిజన్ తగ్గుతూ పెరుగుతూ ఉంటే ఒంట్లో వాపు గుణం పెరుగుతుంది. రక్తంలో సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి ఎక్కువవుతాయి. కానీ ఊబకాయం ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా అవి పెరుగుతాయి. పొగ చూసి పొయ్యి ఎవరింటిదో చెప్పలేం కదా! అందుకే నిద్ర పరీక్షకు బదులుగా నిలిచే రక్త పరీక్ష ఇంకా రాలేదు. చికిత్స పనిచేస్తోందా లేదా అని రక్తంతో కనిపెట్టడం కూడా ఇంకా పరిశోధనలోనే ఉంది.

ప్రమాదం ఇక్కడే ఉంది. 'ప్యాకేజీ టెస్టులు చేయించాను, అన్నీ నార్మల్, నీదంతా చాదస్తం' అన్నారు మావారు. ఆ కాగితాల్లో ఆయన నిద్ర ఎక్కడుంది? పగలు బండి నడుపుతూ కునుకు తీసే మనిషికి ఆ 'నార్మల్' ఏం భరోసా? పోరుపెట్టి నిద్ర పరీక్ష చేయించాను. జబ్బు ఉందని తేలింది. ఇప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకుని పడుకుంటున్నారు. గాలిని ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచే ఈ సీప్యాప్ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ లోకానికి చెప్పారు.

ఇంతా చేశాక నాకో సందేహం. ఆయన ఊపిరిని నేను లెక్కపెట్టాను. మరి నాది? ఆడవాళ్లలో ఈ జబ్బు పెద్ద గురకగా కాక నీరసంగా, పొద్దుటి తలనొప్పిగా, నిద్రపట్టకపోవడంగా కనబడొచ్చు. నెలసరి ఆగాక ముప్పు పెరుగుతుంది. 'రక్తం తక్కువేమో' అని ఐరన్ మాత్ర మింగి ఊరుకుంటాం. అందరికంటే చివర పడుకుని ముందుగా లేచే మన నిద్రను చూసేవాళ్లెవరు? ఈ రాత్రికి ఇంట్లో ఒకరినైనా చూడమని అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.