ఇనప చొక్కాకి ఇరవై పేర్లు

రాత్రి పదింటికి ఫోను. ఎవరా అని తీస్తే మన డబ్బింగు రచయిత. ఇంగ్లీషు బొమ్మల్ని తెలుగులోకి దించడం అతని వృత్తి. "గురువుగారూ, చచ్చిపోతున్నాను. కవచానికి కవచం కాకుండా ఇంకో ఇరవై మాటలు చెప్పండి" అన్నాడు.

సంగతేమిటయ్యా అంటే, సీను ఇదట. యూరప్‌లో పాతకాలపు కథ. హీరో యుద్ధానికి వెళ్ళబోతూ నిలబడి ఉంటాడు. కుర్ర పరిచారకుడు ఒక్కో ఇనపరేకూ తొడుగుతూ, పాఠం అప్పజెప్పినట్టు దాని పేరు చెబుతుంటాడు. సాబటన్, గ్రీవ్, పోలెయిన్, క్విస్... రెండు నిమిషాల సీను. మనవాడు రాసిందేమో "కాలి కవచం, ఇంకో కాలి కవచం, పైకాలి కవచం"! హాల్లో జనం ఈలలేస్తారని అతని భయం. వేస్తారు కూడా.

మన దగ్గర మాటలకి కరువా అంటే కాదు. శిరస్త్రాణం ఉంది, ఉరస్త్రాణం ఉంది, విలుకాడి వేళ్ళకి అంగుళిత్రాణం ఉంది. అచ్చ తెలుగులో 'జోడు' అన్నా కవచమే. కానీ ఈనాడు "జోడు తొడుక్కో ప్రభూ" అంటే ప్రేక్షకుడు చెప్పుల కోసం చూస్తాడు! అదీ గాక మన పౌరాణికాల్లో భుజకీర్తులు అందానికి పెట్టేవే గాని కత్తిదెబ్బ కాయడానికి కాదు. అక్కడి వాళ్ళ భుజం రేకు, అంటే పాల్డ్రన్, అలాక్కాదు. ఎడమ భుజానిది పెద్దదిగా, కుడి భుజానిది చంక దగ్గర కోసేసినట్టు చిన్నదిగా ఉండేవి చాలా ఉన్నాయి. ఎందుకంటే కుడి చంకలో బల్లెం ఇరికించుకోవాలి. ఆ కోసిన చోట ప్రాణానికి ముప్పు కదా, అందుకని అక్కడో గుండ్రటి బిళ్ళ వేలాడదీసేవారు. దాని పేరు బెసాగ్యూ. చూశారా, ఒక్క చంకకి ఎంత కథుందో!

అసలు ఈ పేర్లన్నీ పండితులు సరదాకి పెట్టినవి కావు. మనిషి ఒంట్లో ఎక్కడ కీలు వంగుతుందో అక్కడ ఇనుము ఆగిపోవాలి. ఇనుము ఆగినచోట కత్తిమొన దూరుతుంది. ఆ సందు మూయడానికి ఇంకో రేకు, దానికింకో పేరు. గొంతుకి గోర్జెట్, మోచేతికి కూటర్, మోకాటికి పోలెయిన్, నడుము కింద తొడల మీదికి వేలాడేవి టాసెట్లు. మోకాటి చిప్పకి పక్కన విసనకర్రలాంటి రెక్క కనిపిస్తుంది చూడండి, అది షోకు కాదు, మోకాలి వెనక నరానికి కాపలా.

తొడిగే వరస కూడా మన సినిమా వాళ్ళు అనుకునేటట్టు తలనుంచి కాదు. పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు రాతప్రతి ఒకటి మనిషిని ఎలా సన్నద్ధం చెయ్యాలో వివరంగా చెబుతుంది. పాదాల సాబటన్లతో మొదలు. అక్కణ్ణుంచి పైకి. లోపల మెత్తటి చొక్కా, దానికి మైనం పట్టించిన గట్టి దారాలు. రేకుల్ని ఆ దారాలతో కట్టాలి. శిరస్త్రాణం ఆఖరున. మనవాడి సినిమాలో కుర్రాడు కాళ్ళ దగ్గర్నుంచే మొదలెట్టాడు గనక ఆ డైరెక్టరు చదువుకున్నవాడేనని నా అనుమానం.

అందరూ అలా ఉండరు సుమండీ. 1944లో లారెన్స్ ఒలివియర్ తీసిన 'హెన్రీ ది ఫిఫ్త్' మహత్తరమైన చిత్రం, కాదనను. అందులో ఫ్రెంచి దొరని కప్పీ వేసి పైకెత్తి గుర్రం మీద దించుతారు. చరిత్ర తెలిసినవాళ్ళు వద్దు మొర్రో అన్నా విన్లేదట. నిజానికి యుద్ధానికి తొడిగే పూర్తి కవచం మామూలుగా 20, 25 కిలోలుంటుంది. అదీ ఒంటినిండా సర్దుకుపోతుంది. ఎవరి సాయమూ లేకుండా గుర్రమెక్కచ్చు. బూసికో అనే ఫ్రెంచి వీరుడు కవచంతోనే పిల్లిమొగ్గలు వేసేవాడట. కాని ఇలాంటి సీన్లు చూసి, కవచం వేసుకున్నవాడు పడితే లేవలేని తాబేలని లోకమంతా నమ్మేసింది. సినిమా దెబ్బంటే అది!

ఆ చిత్రంలోనే గొలుసు కవచాల్లో చాలావరకు నూలుతాడుతో అల్లి వెండిరంగు పూసినవి. యుద్ధకాలం, ఇనుమెక్కడిది? దాన్ని తప్పుపట్టను. 1981లో వచ్చిన 'ఎక్స్‌కాలిబర్' లో తళతళలాడే రేకులు అల్యూమినియంవి. అందులో రాజుగారు కవచం విప్పకుండానే శృంగారం నడుపుతాడు. టాసెట్లంటే ఏమిటో తెలిసినవాడికి ఆ సీనులో నవ్వాగదు. అంతకుమించి ఇక్కడ రాయలేను.

అన్నిటికన్నా పెద్ద తగాదా మొహం దగ్గర. శిరస్త్రాణానికి ముందుండే తలుపు వైజర్. అందులో చూడ్డానికి సన్నటి చీలిక ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో 'సైట్' అంటారు, అంటే చూపు. గాలికి పెట్టిన చిల్లుల్ని 'బ్రెత్స్' అంటారు, అంటే ఊపిర్లు. ఎంత బాగుందీ మాట! కాని నిర్మాత లక్షలు పోసి తెచ్చిన హీరో మొహాన్ని తలుపేసి మూస్తాడా? అందుకే తెరమీద వైజర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఒలివియర్ వేషం వేసిన ఆ హెన్రీ రాజే, అసలు మనిషి, పదహారేళ్ళ వయసులో 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో మొహానికి బాణం దెబ్బ తిన్నాడు. ములికి ఆరంగుళాల లోతున దిగబడింది. జాన్ బ్రాడ్‌మోర్ అనే వైద్యుడు దానికోసమే ప్రత్యేకంగా ఓ పనిముట్టు చేయించి లాగాడు. కుర్రాడు బతికాడు, తర్వాత రాజయ్యాడు. ఫ్రాన్సు రాజు రెండో హెన్రీకి ఆ అదృష్టం లేకపోయింది. 1559 జూన్ 30న, కూతురి పెళ్ళి సంబరాల్లో సరదాగా ఆడిన పోటీలో, ఎదుటివాడి బల్లెం విరిగి పేడు వైజర్లోంచి కంటి దగ్గర గుచ్చుకుంది. పది రోజులు బాధపడి పోయాడు. ఒంటినిండా ఇనుమే, ఆ ఒక్క సందు తప్ప.

ఇదంతా ఫోన్లో చెప్పాను. "సరే గానీ గురువుగారూ, పెదాలు కలవాలిగా! క్విస్ అన్నదానికి ఒక్కసారే నోరు తెరిచి మూస్తాడు" అన్నాడు. అదీ నిజమే. క్విస్ అంటే తొడ మీది రేకు. (మన హీరో అది తొడుక్కుని తొడకొడితే మోగే మోత ఊహించుకోండి.) సంస్కృతం వెతకొద్దు, ఒంటి పేర్లు ఇంట్లోవే కదా, వాటికే రేకు తగిలించు అన్నాను. పిక్కరేకు, మోకాటిచిప్ప, తొడరేకు, మెడపట్టీ, మోచిప్ప. వైజర్‌కి 'మొహంతలుపు'. ఇద్దరం కూర్చుని అర్ధరాత్రి దాకా పదకొండు మాటలు తేల్చాం.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఫోను. డబ్బింగు థియేటర్లో పెద్దాయన ఒకరు విని, "ఇదేం కంసాలి కొట్టా? కవచం అని కానియ్" అన్నారట. పది మాటలు పోయాయి. మొహంతలుపు మాత్రం నిలబడింది. అక్కడ ఆ కుర్రాడికి క్లోజప్ ఉందిట, పెదాలు సరిగ్గా కలిశాయట!