కుర్చీ వదిలితే తెరకు తాళం వేయాలి



కంప్యూటర్ సంగతి ఆఫీసువాళ్ళది, సాంచాల దగ్గర నిలబడే మనకెందుకు అని చాలామంది అనుకుంటారు. సోలాపూర్‌లోనైనా భివండిలోనైనా మన హాజరు, ఓవర్‌టైం, పగారు, పి.ఎఫ్. లెక్కలు ఇప్పుడు చాలా చోట్ల ఆ పెట్టెలోనే ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను పనిచేసిన ఒక మిల్లులో జరిగింది చెబుతాను. రాత్రి పాళీలో టైం ఆఫీసు గుమాస్తా టీకి క్యాంటీనుకు వచ్చి, పావుగంట మాతోనే కూర్చున్నాడు. అక్కడ అతని కంప్యూటర్ తెరిచే ఉంది, అదీ అడ్మినిస్ట్రేటర్ అధికారంతో. నెల తిరిగి పగారు చేతికొస్తే ఇద్దరు బదిలీ కార్మికుల హాజరులో నాలుగేసి రోజులు లేవు. రికార్డు తీసి చూస్తే, ఆ రోజులు కొట్టేసింది గుమాస్తా పేరు మీదే. వేళ చూస్తే అతను మాతో టీ తాగుతున్న వేళే! జాబర్ జేబులోని పెన్సిలు రాతల పుస్తకం ఆ ఇద్దరి పగారును కాపాడింది. మేమంతా సాక్ష్యం చెప్పినా గుమాస్తాకు ఒక ఇంక్రిమెంటు పోయింది. ఆ కుర్చీలో కూర్చున్నదెవరో మాత్రం తేలనే లేదు.

కంప్యూటర్‌కు ఎదుట ఉన్న మనిషి ముఖం తెలియదు. ఎవరి పేరుతో తెరిస్తే చేసిన పనంతా వారి పేరు మీదే రాసుకుంటుంది. అడ్మినిస్ట్రేటర్ అంటే మిల్లు మొత్తానికి తాళం చెవుల గుత్తి ఉన్నవాడు. ఆ అధికారంతో ఇతరుల పాస్‌వర్డులు మార్చవచ్చు, గడియారాన్ని వెనక్కు తిప్పవచ్చు, ఎవరేం చేశారో చెప్పే చిట్టాను కూడా తుడిచేయవచ్చు. అలాంటి తెరను వదిలి లేవడం దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే.

జాగ్రత్త చిన్నది. విండోస్ కంప్యూటర్‌లో కిటికీ బొమ్మ ఉన్న మీటను, ఎల్ మీటను కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది. తెరిచిన లెక్క పోదు. తిరిగి పాస్‌వర్డు కొడితే వదిలిన చోటే ఉంటుంది. మానిటర్ ఒక్కటి ఆర్పితే తాళం వేసినట్టు కాదు. పది నిమిషాలకు దానంతటదే తాళం పడే ఏర్పాటు మంచిదే కానీ, ఆ పది నిమిషాలూ తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే.

మరి తప్పంతా గుమాస్తాదేనా? తాళం వేయకపోవడం అతని పొరపాటే. కానీ మూడు పాళీలకూ ఒకే పాస్‌వర్డు ఇచ్చి, "తాళం వేస్తే తర్వాతివాడు పనెలా చేస్తాడు?" అని తెర తెరిచే ఉంచమనే ఆఫీసులు ఉన్నాయి. అక్కడ పొరపాటు నేర్పింది యాజమాన్యమే. చివరకు ఛార్జిషీటు మాత్రం గుమాస్తాకు!

మోసంతో ఇతరుల కంప్యూటర్ లెక్కలు మార్చడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద నేరం. 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ ముద్దాయి ఎవరో తేలితే కదా శిక్ష! తెరిచి వదిలిన కంప్యూటర్ ఆ పేరు చెప్పలేదు.

కాబట్టి యూనియన్ ఈ కోర్కెలను యాజమాన్యాల ముందుంచాలని నా అభిప్రాయం:

1. టైం ఆఫీసులో ప్రతి ఒక్కరికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఇవ్వాలి.

2. రోజువారీ హాజరు పని మామూలు అధికారంతోనే జరగాలి. అడ్మినిస్ట్రేటర్ అధికారం అవసరమైనప్పుడే వాడాలి.

3. హాజరులో ఏ మార్పు చేసినా ఆ కార్మికుడికి మర్నాడే కాగితం మీద తెలపాలి.

4. కంప్యూటర్ రికార్డు ఒక్కదాన్నే సాక్ష్యంగా చూపి ఎవరినీ శిక్షించరాదు.

మనవంతుగా ప్రతి కార్మికుడూ తన హాజరును చిన్న పుస్తకంలో రాసుకోవాలి. టైం ఆఫీసు గుమాస్తా కూడా మనలాంటి జీతగాడే. తెర తెరిచి ఉంటే కోపగించుకోకుండా, "అన్నా, తాళం వేసి రా, టీ చల్లారదులే" అని చెప్పండి. అతని ఉద్యోగం, మన పగారు రెండూ ఆ తాళం మీదే ఉన్నాయి.