అమ్మ ఒడి కారు సీటు కాదండీ

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు టీవీలో చూస్తూ, "అమ్మా, ఆ సీటు మెత్తగా ఉంటుందా?" అన్నాడు మావాడు. మెత్తదనం కాదు నాన్నా, డ్రైవరు ఒంటికి అచ్చు పోసినట్టు చేస్తారు, కదలకుండా బెల్టులు బిగిస్తారు.

మరి మనం? జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు పెళ్లికి చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటాం. సడన్ బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆపలేవండీ! ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే మొదటి దెబ్బ బిడ్డకే.

14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, చైల్డ్ సీటో ఉండాలని 2019లోనే చట్టం తెచ్చారు. అయినా సీటు కవర్లకి వేలు పోసే ఇళ్లలో చైల్డ్ సీటంటే "దండగ" అంటారు. బిడ్డ బరువుకి సరిపోయేది, వెనక సీట్లో బిగిస్తే ఊగనిది కొనిపించండి. అంతవరకూ కారెక్కనని మొండికేయండి!