యుద్ధ సినిమాలో అన్నం వండేది ఎవరు?

యువత కూటాల్లో సినిమా మాట ఎత్తకూడదని మన సంఘాల్లో కొందరు పెద్దల అభిప్రాయం. నేను ఎత్తుతాను. మన పిల్లలు ఆదివారం ప్రసంగం వినేది నలభై నిమిషాలు. యుద్ధ సినిమా చూసేది మూడు గంటలు. దేశం, శత్రువు, ధైర్యం, చావు అనే మాటలకు అర్థం వాళ్ళు ఎక్కడ నేర్చుకుంటున్నారో వేరే చెప్పాలా?

"అన్నిటికంటే రియలిస్టిక్ యుద్ధ సినిమా ఏది?" అని అడిగి చూడండి. జవాబులు చకచకా వస్తాయి. ఫలానా సినిమాలో తుపాకీ మోడల్ కరెక్టుగా ఉందంటారు. ఫలానా సినిమాలో బాంబు పేలాక చెవుల్లో గుయ్‌మనే శబ్దం అచ్చం అలాగే ఉందంటారు. 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'లో సముద్రపు ఒడ్డున తెగిపడే చేతుల గురించి చెబుతారు. గ్రాఫిక్స్, సౌండ్, నెత్తురు. ఇవీ మన కొలతలు.

ఈ కొలతలు తప్పు అంటున్నాను. నెత్తురు రంగు సరిపోయినంత మాత్రాన యుద్ధం నిజమైపోదు. యుద్ధ సినిమాను మూడు ప్రశ్నలు అడగాలి. అన్నం ఎవరు వండారు? బరువు ఎవరు మోశారు? శవాన్ని ఎవరు పూడ్చారు? ఈ ముగ్గురికీ తెరమీద చోటు లేకపోతే, ఎన్ని వందల కోట్లు పోసి తీసినా అది బాణసంచా ప్రదర్శనే.

మత్తిగిరి గడ్డి చెప్పే చరిత్ర

హోసూరు పక్కనే ఉన్న మా మత్తిగిరిలో పెద్ద ప్రభుత్వ పశువుల ఫారం ఉంది. సుమారు 1,600 ఎకరాలు. ఇప్పుడు అక్కడ ఆవులు, గొర్రెలు కనిపిస్తాయి. కానీ 1824లో అది మొదలైంది పాలకోసం కాదు, సైన్యానికి గుర్రాలకోసం. బ్రిటిష్ కంపెనీ పటాలాలకు గుర్రాలను ఇక్కడ మేపి, పెంచి, పంపేవారు. అంటే యుద్ధం కోటగోడ దగ్గర మొదలుకాలేదు. ఇక్కడి గడ్డిలో, గుర్రానికి పెట్టే ఉలవల్లో, లద్ది ఎత్తే కూలీ చేతుల్లో మొదలైంది.

అంతకు ముప్పై ఏళ్ళ ముందు ఈ నేలమీదుగానే యుద్ధం నడిచింది. 1791లో టిప్పు సుల్తాన్ మీదికి లార్డ్ కార్న్‌వాలిస్ దండెత్తాడు. మార్చిలో బెంగళూరు పట్టుకున్నాడు. మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్ళి కూడా వెనక్కి తిరిగాడు. అతన్ని ముఖ్యంగా ఓడించింది కత్తి కాదు, ఆకలి. బండ్లు లాగే ఎద్దులు వేలల్లో చచ్చాయి. దండులో తిండి గింజలు అయిపోయాయి. కోటలు పగలగొట్టడానికి తెచ్చుకున్న పెద్ద ఫిరంగులను లాగే దిక్కులేక తన చేతులతో తానే ధ్వంసం చేసుకుని వెనుదిరిగాడు. తరువాత జూలైలో హోసూరు, రాయకోట అతని వశమయ్యాయి. నవంబరులో కృష్ణగిరి కోట మీద చేసిన దాడి మాత్రం విఫలమైంది.

ఆ దండులకు ధాన్యం మోసుకొచ్చింది ఎవరు? ఎద్దుల మందలమీద గింజలు వేసుకుని ఊళ్ళు దాటించిన లంబాడీలు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళను 'బ్రింజారీలు' అని రాసుకున్నారు. వాళ్ళు రాకపోతే దండు కదలదు. సిపాయిల వెనక వంటవాళ్ళు, గడ్డికోసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, డోలీ మోసేవాళ్ళు, వాళ్ళ భార్యాపిల్లలు నడిచేవారు. వీళ్ళ సంఖ్య సిపాయిల సంఖ్యను మించి ఉండేది. ఆకలి వచ్చినప్పుడు ముందుగా రాలిపోయేదీ వీళ్ళే.

ఆ సిపాయిలు మాత్రం ఎవరు? కంపెనీ తొలినాళ్ళలో మన తెలుగు నేలనుంచి సిపాయిలుగా వెళ్ళినవాళ్ళవల్లే ఉత్తరాదిలో సిపాయికి 'తిలంగా' అనే పేరు వచ్చింది. మన జాతి పేరే కూలికి ప్రాణమిచ్చేవాడి పేరైపోయింది. ఈ చరిత్రలో రాజు మీద సినిమా తీస్తారు, సేనాపతి మీద తీస్తారు. ఎద్దుల వెనక నడిచిన లంబాడీ తల్లికి ఒక్క షాట్ కూడా ఇవ్వరు.

ఇది మన దగ్గరే కాదు. 'డంకర్క్' (2017) చూసి మన కుర్రాళ్ళు అబ్బురపడ్డారు. క్రిస్టఫర్ నోలన్ నిజమైన ఓడలు తెచ్చాడు, నిజమైన విమానాలు ఎగరేశాడు. కానీ 1939 చివర్లో మన దేశంనుంచి కంచరగాడిదలతో ఫ్రాన్సు వెళ్ళిన నాలుగు రవాణా కంపెనీలు ఆ తెరమీద లేవు. వాళ్ళలో ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. మంచులో, బురదలో లారీలు కదలని చోట బ్రిటిష్ సైన్యానికి సరుకు మోశారు. ఒక కంపెనీ జర్మన్లకు చిక్కింది. మిగిలినవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు, జంతువులు అక్కడే మిగిలిపోయాయి. విమానం రెక్కమీద అంత శ్రద్ధ పెట్టిన సినిమా బరువు మోసిన మనిషిని మరిచిపోతే దాన్ని రియలిజం అని ఎలా అంటాం?

ఒకే ఏడాది, రెండు సినిమాలు

ఇక మన తెలుగు సినిమాకు వద్దాం. 2015 జూలైలో 'బాహుబలి' వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 'కంచె' వచ్చింది.

మొదటిదానిలో శత్రువు పేరు కాలకేయులు. ఒళ్ళంతా నల్లరంగు పూసి, అర్థంకాని భాష మాట్లాడించి, మనుషులకంటే మృగాలకు దగ్గరగా చూపించారు. బాహుబలి శత్రువు చేతికి చిక్కిన తన ప్రజలను చంపకుండా కాపాడతాడు. అది మంచి ఘట్టమే, ఒప్పుకుంటాను. కానీ కాలకేయుడికి తల్లి ఉందా? ఊరు ఉందా? వాడు ఎందుకు దండెత్తాడు? అడగాలనే ఆలోచనే మనకు రాదు. నలుపు కనిపించగానే చంపడం న్యాయమని కళ్ళు ఒప్పేసుకుంటాయి. నల్లగా ఉన్నందుకు, మాట యాస వేరైనందుకు తరతరాలుగా ఊరిబయట నిలబెట్టబడ్డ వాళ్ళ పిల్లలు కూడా ఆ ఘట్టానికి ఈలలు వేశారు. నాకు బాధ కలిగించేది అదే.

'కంచె'లో దర్శకుడు క్రిష్ రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. నాజీల జాత్యహంకారాన్ని ఒకవైపు, తెలుగు ఊళ్ళో కులం కట్టిన కంచెను మరోవైపు పెట్టాడు. జర్మనీలో యూదుణ్ణి తరిమే చేయి, మన ఊళ్ళో తక్కువ కులపువాణ్ణి తరిమే చేయి ఒకటేనన్నాడు. పాటలు ఎక్కువే, హీరోయిజం ఉంది, పోరాట దృశ్యాల్లో లోపాలూ ఉన్నాయి. అయినా అది రియలిస్టిక్ సినిమా అంటాను. యుద్ధం ఎక్కడ పుడుతుందో దానికి తెలుసు గనుక. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. మన యువత కూటాల్లో మాత్రం ఆ పేరు చెప్పేవాళ్ళు అరుదు.

'ఘాజీ' (2017) సంగతి చూడండి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకు విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన నౌకాదళం చెప్పేది, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక దాన్ని ముంచిందని. పాకిస్తాన్ చెప్పేది, లోపలి పేలుడువల్ల ప్రమాదం జరిగిందని. సినిమా మాత్రం రెండు జలాంతర్గాముల ద్వంద్వయుద్ధాన్ని కల్పించింది. కల్పన సినిమా హక్కు, దానిమీద తగాదా లేదు. కానీ ఆ రాత్రి తొంభైమందికి పైగా నావికులు చనిపోయారు, ఒక్కడూ బతకలేదు. ఆ ఇనుప సమాధి ఇప్పటికీ విశాఖ సముద్రంలోనే ఉంది. వాళ్ళకోసం కరాచీలోనో లాహోరులోనో గుమ్మంలో నిలబడ్డ తల్లి మనకు ఎప్పుడైనా గుర్తొచ్చిందా?

ఆ తల్లిని గుర్తుచేసేది మన బైబిలే

"పాస్టరుగారూ, బైబిల్లో మాత్రం యుద్ధాలు లేవా? యెహోషువ యుద్ధాలు చేయలేదా?" అని అడుగుతారు. చేశాడు. ఆ అధ్యాయాలతో మనం కుస్తీ పట్టాల్సిందే, దాటవేయకూడదు. కానీ అదే బైబిలు యుద్ధాన్ని ఎలా చూపిస్తుందో కూడా చదవండి.

న్యాయాధిపతులు 5వ అధ్యాయం దెబోరా విజయగీతం. శత్రు సేనాపతి సీసెరా చచ్చాడు. పాట అక్కడ ఆగిపోవచ్చు. ఆగదు. కిటికీ దగ్గర నిలబడి కొడుకు రథం ఇంకా రాలేదేమని కంగారుపడే సీసెరా తల్లిని చూపిస్తుంది. ఆమె పక్కనున్న స్త్రీలు, మనవాళ్ళు చెరపట్టిన ఆడపిల్లలను పంచుకుంటున్నారేమోలే అని సర్దిచెప్పుకుంటారు. యుద్ధం ఆడవాళ్ళ శరీరాలను ఏంచేస్తుందో, ఆ పాపాన్ని ఆడవాళ్ళచేత కూడా ఎలా ఒప్పిస్తుందో రెండు మాటల్లో తేల్చేసింది.

2 రాజులు 6వ అధ్యాయం తెరవండి. షోమ్రోను ముట్టడి. గాడిద తల ఎనభై వెండి నాణేలకు అమ్ముడుపోయింది. ఇద్దరు తల్లులు ఒక బిడ్డను వండుకు తిని, రెండో బిడ్డకోసం రాజు దగ్గర తగాదా పడ్డారు. బజారులో ధర చెప్పి యుద్ధాన్ని చూపించిన రచయిత అతడు. అదే అధ్యాయంలో అంతకుముందు ఎలీషా చేతికి సిరియా సైనికులు చిక్కారు. చంపమంటారా అని రాజు ఉత్సాహపడ్డాడు. ప్రవక్త వద్దన్నాడు, అన్నం పెట్టి ఇంటికి పంపమన్నాడు. మన సినిమాల్లో ఈ సీను ఉంటే జనం లేచిపోతారని నిర్మాత భయపడతాడు.

రిస్పాను మరువకండి (2 సమూయేలు 21). ఉరితీసిన ఇద్దరు కొడుకుల శవాల దగ్గర, మరో ఐదుగురి శవాల దగ్గర కూడా, రాతిమీద గోనెపట్ట పరుచుకుని కూర్చుంది. కోతకాలం మొదలునుంచి వానలు పడేదాకా పగలు పక్షులను, రాత్రి మృగాలను తోలింది. ఆమె మౌనం రాజును కదిలించింది. శవాలు పూడ్చే పని అప్పుడు జరిగింది. అంతెందుకు, దావీదు చేతులు చాలా రక్తం ఒలికించాయి గనుక ఆలయం కట్టే భాగ్యం అతనికి దక్కలేదు. గొల్యాతు తల తెగగానే చప్పట్లు కొట్టించే మన వీబీఎస్ నాటకాలు ఈ సంగతి ఎందుకు చెప్పవు?

గొప్ప యుద్ధ సినిమాలు ఈ బైబిలు దారిలోనే నడిచాయి. జపాన్‌నుంచి వచ్చిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' (1988) బొమ్మల సినిమా. నటులు కూడా లేరు. బాంబులకు తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళు తిండిలేక చనిపోవడమే కథ. సోవియట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్ తీసిన 'కమ్ అండ్ సీ' (1985)లో బెలారస్ గ్రామాలను నాజీలు తగలబెడతారు. తుపాకీ పట్టాలని ఉత్సాహపడ్డ కుర్రవాడి మొహం సినిమా ముగిసేసరికి ముసలివాడి మొహమైపోతుంది. ఈ రెండు సినిమాలు చూసి ఎవడూ ఈల వేయలేడు.

ఈ మాట జవాన్లకు అవమానమా?

"సరిహద్దులో జవాన్లు చస్తుంటే మీరు శత్రువు తల్లి గురించి మాట్లాడతారా?" అని కోప్పడేవాళ్ళున్నారు. జవాను గురించే మాట్లాడదాం. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళ ఉద్యోగం, ఆ తరువాత నూటికి ఇరవై ఐదుమందికి మించి ఉంచుకోరు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్ళు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని ఏళ్ళ తరబడి తెల్లవారుజామున పరుగెత్తిన పిల్లలు వాళ్ళు. ఆ పరుగులో దేశభక్తి ఉంది, ఇంటి అప్పు కూడా ఉంది. 2025 మే నెలలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణమిచ్చిన తెలుగు అగ్నివీర్ శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక తండా బిడ్డ. నాడు దండులకు గింజలు మోసినవాళ్ళ వంశం. ఆ రోజుల్లో టీవీ స్టూడియోల్లో యుద్ధం కావాలని అరిచినవాళ్ళలో ఎందరి పిల్లలు సరిహద్దులో ఉన్నారు?

జవానును స్లోమోషన్లో నడిపించి, వెనక సంగీతం మోగించి, మూడో రోజుకు మరిచిపోయేదే అసలు అవమానం. వాడు ఎందుకు చేరాడో, ఏం తిన్నాడో, రాత్రి ఎందుకు నిద్రపట్టలేదో, వాడి భార్య పింఛనుకోసం ఏ ఆఫీసు మెట్లెక్కిందో చూపించడమే గౌరవం.

మా హోసూరు యువకులకు ఈ మాట ఇంకాస్త దగ్గర. భారత సైన్యానికి లారీలు ఇచ్చే అశోక్ లేలాండ్‌కు ఇక్కడ ఫ్యాక్టరీలున్నాయి. నాడు మత్తిగిరి గుర్రం, నేడు హోసూరు లారీ. యుద్ధం ఎక్కడో జరిగేది, మనం టికెట్టు కొని చూసేది అనుకోవడానికి ఈ ఊళ్ళో వీల్లేదు.

కాబట్టి సంఘాలను అడుగుతున్నాను. సినిమా చూడొద్దని పిల్లలను కసరడం మానండి. నెలకు ఒక యుద్ధ సినిమా యువత కూటంలో కలిసి చూడండి. చివర్లో ఆ మూడు ప్రశ్నలు వేయండి. వండినవారెవరు, మోసినవారెవరు, పూడ్చినవారెవరు. నాలుగోది కూడా చేర్చండి: శత్రువుకు తల్లి ఉందా?

సినిమా తీసే కలలు కనే క్రైస్తవ యువకులారా, మీకూ ఒక మాట. మీ దగ్గర వందల కోట్లు లేవు, అది మంచిదే. ఎద్దుల మందతో 1791 ఎండలో నడిచిన ఒక లంబాడీ కుటుంబం కథ రాయండి. రాజులు ఎక్కువ గుర్రాలు పెట్టుకోకూడదని ద్వితీయోపదేశకాండము చెప్పింది. మన ప్రభువు యెరూషలేములోకి గాడిదపిల్ల మీద వచ్చాడు. ఆయన వెంట వెళ్ళేవాళ్ళ కెమెరా బరువు మోసేవాడి ఎత్తులో ఉండాలి.