చూపవలసిన కాగితాలకు వెలా?

గత మాసం కడప నుండి ఒక సోదరి మాకు లేఖ రాశారు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. పదకొండేళ్ళుగా ఆయన పంపుతున్న సొమ్ములో పొదుపు చేసిన మొత్తంతో ఒక చిన్న ఇల్లు గాని, ఇల్లు కట్టుకోదగిన నాలుగు సెంట్ల స్థలం గాని కొనాలని ఆమె మూడు నెలలుగా తిరుగుతున్నారు. తిరిగిన ప్రతి చోటా ఒకే అనుభవం. స్థలం చూపించడానికి డబ్బు అడగరు. కాగితాలు చూపమంటే మాత్రం అడుగుతారు. మొదటి మధ్యవర్తి జిరాక్సు సెట్టుకు 1,000 రూపాయలు తీసుకున్నాడు. రెండవ వ్యక్తి 1,500 అన్నాడు. మూడవ వ్యక్తి, తన కాగితాలను వకీలు అప్పటికే పరిశీలించాడని చెప్పి 2,500 పుచ్చుకున్నాడు. రసీదు ఎవరూ ఇవ్వలేదు.

మూడవ సెట్టులోని సర్వే నంబరును ఆమె మరిది రిజిస్ట్రేషన్ శాఖ వారి నిషేధిత ఆస్తుల జాబితాలో వెతికి చూశాడు. అది వక్ఫ్ భూమి! డబ్బు తిరిగి ఇమ్మంటే ఆ పెద్దమనిషి, "మేము కాగితాలకు తీసుకున్నాం, కాగితాలు ఇచ్చాం" అన్నాడట. ఆ సోదరి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. అతను తీసుకున్న సొమ్ము ధర్మసమ్మతమేనా? తెలిసి తెలిసి ఇచ్చిన తాను కూడా తప్పు చేసినట్లా?

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మధ్యవర్తిత్వం హీనమైన వృత్తి అని మేము భావించడం లేదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తమ హదీసు గ్రంథంలో మధ్యవర్తి వేతనం గురించి ఒక అధ్యాయమే ఉంచారు. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ వంటి తాబయీలు అందులో దోషం లేదన్నారని పేర్కొన్నారు. హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖనంలో మరింత ఆత్మీయమైన విషయం ఉంది. మదీనా బజారులో తమను 'సమాసిరా' అనగా దళారులు అని పిలిచేవారనీ, దైవప్రవక్త (సఅసం) వచ్చి అంతకంటే మేలైన 'వర్తకులు' అనే పేరుతో తమను సంబోధించారనీ, బేరంలో వ్యర్థపు మాటలూ ఒట్లూ దొర్లుతుంటాయి కనుక దానికి దానధర్మాలను జోడించమని ఉపదేశించారనీ ఆయన తెలిపారు. గౌరవప్రదమైన పేరు, దానితోపాటు ఒక హెచ్చరిక. రెండూ ఒకే సందర్భంలో లభించాయి.

కనుక కమీషను తీసుకోవడం తప్పు కాదు. ఎంతో ముందుగా తెలియాలి, దాని వెనుక నిజమైన శ్రమ ఉండాలి. అయితే కాగితాల సెట్టుకు తీసుకునే సొమ్ము దేనికి ప్రతిఫలం?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేని పక్షంలో, తన వద్ద ఉన్న హక్కు పత్రాలను కొనుగోలుదారు కోరినప్పుడు పరిశీలనకు చూపడం అమ్మకందారు బాధ్యత. ఆస్తి గురించి అడిగిన ప్రశ్నలకు తనకు తెలిసినంత వరకు సమాధానం చెప్పాలి. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిసి ఉంటే దానిని బయటపెట్టాలి. ఇక 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను, స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే ఒకటవ పుస్తకాన్నీ దాని సూచికలనూ నిర్ణీత రుసుము చెల్లించి దరఖాస్తు చేసిన ఎవరికైనా చూపాలని చెబుతోంది. నకలు కూడా ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి వివరాలు మీభూమి వెబ్‌సైటులో కనిపిస్తాయి. అంటే సెట్టులోని కాగితాలలో కొన్ని అమ్మకందారు చూపి తీరవలసినవి, మరికొన్ని ప్రభుత్వం అందరికీ తెరిచి ఉంచినవి. ఈ రెంటికీ మధ్య నిలబడి ద్వారం మూసి, తెరవడానికి వెల అడగడమే మాకు అభ్యంతరకరంగా తోస్తున్నది.

మధ్యవర్తుల పక్షాన చెప్పవలసినది లేకపోలేదు. మాకు పరిచయమున్న ఒకాయన ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారు. మేము ఈ విషయం ప్రస్తావించగానే ఆయన నొచ్చుకున్నారు. "పదిమందిని తిప్పితే ఒక్కరు కొంటారు. పెట్రోలు మాది, ఎండ మాది. కాగితం చేతికి ఇస్తే ఫోనులో ఫోటో తీసుకుని, మరునాడు నేరుగా యజమాని దగ్గరకు పోయి బేరం కుదుర్చుకుంటారు. మా కమీషను ఎగ్గొట్టేవారిలో అయిదు పూటలా నమాజు చేసేవారు లేరా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేకపోయింది. ఒకరి శ్రమ వల్ల ఇంటిని కనుగొని, అతన్ని తప్పించి రిజిస్ట్రేషను చేయించుకోవడం కూలివాని కూలి ఎగవేయడమే. కొత్త ఇంట్లో ఖుర్ఆన్ పారాయణం పెట్టించినంత మాత్రాన ఆ బాకీ తీరదు. కాగితాలకు ముందే డబ్బు పట్టే అలవాటులో కొంత భాగం మన చేతులతో మనం పెంచినదే.

అయితే దానికి విరుగుడు వేరే ఉంది. కాగితాలు చూపే ముందు, ఈ ఆస్తి కొంటే ఇంత కమీషను చెల్లిస్తానని కొనేవారి చేత రాయించుకోవచ్చు. జిరాక్సుకూ, ఇ.సి. రుసుముకూ వాస్తవంగా అయిన ఖర్చు తీసుకుని రసీదు ఇవ్వవచ్చు. కొనేవారే కోరి వకీలు అభిప్రాయం తెప్పించమంటే ఆ ఫీజు కొనేవారిదే. వీటిలో దేనికీ అభ్యంతరం లేదు. నలభై, యాభై రూపాయల జిరాక్సుకు 2,500 అడిగినప్పుడు, అదీ పది మంది దగ్గర ఒకే సెట్టుకు పదిసార్లు వసూలు చేసినప్పుడు, అమ్మకం కుదరకపోవడమే లాభసాటి అవుతుంది. వక్ఫ్ భూమి కాగితాలు చేతులు మారుతూ తిరగడంలోని రహస్యం ఇదే కావచ్చు. ఆ భూమి ఎన్నటికీ అమ్ముడుపోదు. సెట్లు మాత్రం అమ్ముడవుతూనే ఉంటాయి.

వక్ఫ్ విషయంలో మరొక మాట. 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ వక్ఫ్ ఆస్తి అమ్మకాన్ని నిషేధించింది. చట్టం మాట అటుంచినా, ఒక ముస్లిం తన పూర్వీకులెవరో అల్లాహ్ మార్గంలో అంకితం చేసిన భూమి కాగితాలను మరో ముస్లిం స్త్రీకి డబ్బుకు ఇచ్చాడు. దీనిని ఏ పేరుతో పిలవాలో మాకు తోచలేదు.

హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) గారి సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒక వ్యక్తి ఆయన ఇంటి దగ్గర ఒక ఆడ ఒంటెను కొని వెళుతుంటే ఆయన వెనుకనే వచ్చి, మాంసానికా, ప్రయాణానికా అని అడిగారు. హజ్ ప్రయాణానికని అతను చెప్పగా, దాని గిట్టలో లోపముందని తెలియజేశారు. అమ్మిన వ్యక్తి నా బేరం చెడగొడుతున్నారేమిటని వాపోయాడు. అప్పుడు హజ్రత్ వాసిలా, సరుకులోని లోపం చెప్పకుండా అమ్మడం ఎవరికీ ధర్మసమ్మతం కాదనీ, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఉండటం కూడా ధర్మసమ్మతం కాదనీ దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాము విన్నామన్నారు. ఇందులో రెండవ భాగాన్ని పాఠకులు గమనించగోరుతాము. తెలిసినవాడు అంటే అమ్మేవాడే కానక్కరలేదు. మధ్యవర్తి కావచ్చు, పొరుగువారు కావచ్చు. హజ్రత్ వాసిలా ఆ మాట చెప్పినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

నిజానికి అసలైన లోపాలు తరచుగా సెట్టులో ఉండవు. ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. తండ్రి నోటిమాటగా హిబా చేసి, స్వాధీనం కూడా అప్పగించి ఉంటే ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం అది చెల్లుతుంది; ఇ.సి.లో మాత్రం దాని జాడ ఉండదు. తండ్రి మరణించాక ఆడపిల్లల వాటా పంచకుండా అన్నదమ్ములు ఇల్లు అమ్మకానికి పెడితే, ఆ అక్కచెల్లెళ్ళ పేర్లు ఏ లింకు డాక్యుమెంటులోనూ కనిపించకపోవచ్చు. కాని ఆ వీధిలో అందరికీ తెలుసు. మధ్యవర్తికి మరీ బాగా తెలుసు. సూరె నిసాలో అల్లాహ్ నిర్ణయించిన వాటాను మింగిన ఇంటి కాగితాలకు 2,500 తీసుకుని, ఆ ఒక్క మాట మాత్రం చెప్పకుండా దాచుకోవడం! సాక్ష్యాన్ని దాచవద్దని సూరె బఖరా 283వ ఆయత్‌లో ఉన్న ఆదేశం న్యాయస్థానపు బోను వరకే పరిమితమా?

కొత్త లేఅవుట్లు, అపార్టుమెంట్ల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టులలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు కూడా నమోదు కావాలి. బుకింగు సమయంలో కొనేవారికి హక్కుగా అందవలసిన సమాచారమూ పత్రాలూ అందేలా సహకరించడం అతని విధి. పాత ఇళ్ళు, విడి స్థలాల క్రయవిక్రయాలకు ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. మన కుటుంబాలు ఎక్కువగా కొనేది అవే.

ఆ సోదరికి మేము ఇలా సమాధానం రాశాము. వాస్తవ ఖర్చుకు మించి, చేయని పరిశీలన చేసినట్లు చెప్పి తీసుకున్న సొమ్ము ఆ వ్యక్తికి ధర్మసమ్మతం కాదు, తిరిగి ఇవ్వవలసిందే. తన హక్కును పొందడానికి గత్యంతరం లేక ఇచ్చిన ఆమెపై దోషం లేదని మా అవగాహన. అయినా స్థానిక ఆలిమ్‌ను కూడా సంప్రదించమన్నాము. ఇకముందు సర్వే నంబరు, హద్దులు మాత్రం అడిగి తీసుకుని, నిషేధిత జాబితా, ఇ.సి. స్వయంగా చూసుకోమనీ, అసలు దస్తావేజులు యజమాని ఇంట్లోనే చూస్తామని చెప్పమనీ, కమీషను సంగతి ముందే రాసి ఇమ్మనీ సూచించాము.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళే ముందు ఆమె నుండి మరో లేఖ వచ్చింది. నాలుగవ మధ్యవర్తి ఆమె రాసి ఇచ్చిన కాగితం చాలన్నాడట. యజమాని తన ఇంటి వరండాలో అసలు దస్తావేజులన్నీ పరిచి చూపాడట. ఇల్లు నచ్చింది, ధర కూడా దాదాపు కుదిరింది. అయితే ఆ యజమానికి ప్రొద్దుటూరులో ఇద్దరు చెల్లెళ్ళున్నారని పక్కింటి పెద్దావిడ చెప్పింది. వారు వచ్చి తమ సమ్మతి స్వయంగా తెలిపే దాకా టోకెను ఇవ్వబోనని ఆ సోదరి రాశారు.