మెగాపిక్సెళ్ళు లెక్కపెట్టకండి బాబూ!

ఇంట్లో రోజువారీ ఫొటోలకి జేబులో పట్టే కెమెరా ఒకటి కొందామని వెతుకుతున్నాను. సైట్లు తిరగేస్తే ఎక్కడ చూసినా "64 మెగాపిక్సెళ్ళు, 16 రెట్ల డిజిటల్ జూము" అన్న గోలే. గిగాహెర్ట్జ్ ఒక్కటే చూసి లాప్‌టాప్ కొనం కదా, కెమెరా దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు ఇంత తేలిగ్గా ఎందుకు పడిపోతారో! 6×4 ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన, రెండు మెగాపిక్సెళ్ళు చాలు. ఇక డిజిటల్ జూమంటే మధ్యముక్క కత్తిరించి సాగదీయడమే. ఆ పని కంప్యూటర్లో మనమూ చెయ్యొచ్చు.

అసలు చూడాల్సింది సెన్సరు. చవక కాంపాక్టుల్లో సాధారణంగా ఉండే 1/2.3 అంగుళాల సెన్సరు వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. "1 అంగుళం" సెన్సరుది (పేరుకే అంగుళం లెండి, నిజానికి 13.2×8.8 మి.మీ.) 116. అంటే నాలుగు రెట్లు! మా పాప పాకడం మొదలెట్టాక ఒక్క క్షణం కుదురుగా ఉండదు. నేను ఇల్లు చేరేసరికి ఉండేది ట్యూబులైటు వెలుతురే. షట్టరు నెమ్మదిస్తే మొహం అలుక్కుపోతుంది, ఫ్లాష్ వేస్తే ఏడుపు.

ఫోనుంది కదా అంటారా? పగటిపూట ఫోనే చాలు, కాదనను. కానీ పాప నవ్విందని ఫోను తీస్తే ముందు కనపడేది ఆఫీసు మెయిలు.

నా ఓటు 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100కే. 1 అంగుళం సెన్సరు, ఎఫ్/1.8 లెన్సు, బరువు 240 గ్రాములు. కొత్త 64 మెగాపిక్సెళ్ళ బొమ్మకన్నా ఇది సెకండ్‌హాండులో దొరికినా మేలే. లెన్సు గరగరలాడకుండా బయటికొస్తే చాలు. పాప నడక మొదలెట్టేలోపు సంపాదించాలి.